కొయ్యబొమ్మ నోట ఎవరి మాట?

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్ కెథడ్రల్‌కు వెళ్లిన మనవాళ్లు మధ్యాహ్నం పన్నెండున్నరకు ఖగోళ గడియారం ముందు చేరతారు. ఫోన్లు పైకి లేస్తాయి, అపొస్తలుల బొమ్మలు క్రీస్తు ముందు నుంచి సాగిపోతాయి, అందరూ భోజనానికి బయలుదేరతారు. ఉత్తరపు గోడకు ఎత్తున వేలాడే ఆర్గన్ (గొట్టాల్లో గాలితో మోగే పెద్ద వాద్యం) వైపు తలెత్తేవారు తక్కువ. నా మటుకు అసలు కథ అక్కడే ఉంది.

దాని చెక్కపెట్టె 15వ శతాబ్దం చివరిది. అడుగుభాగాన బైబిల్ వీరుడు సమ్సోను సింహం నోరు చీలుస్తుంటాడు. ఒక పక్క బాకా పట్టిన నగర వార్తాహరుడు, మరో పక్క గడ్డం పెంచిన ప్రెట్జెల్ (మెలితిప్పిన రొట్టె) వ్యాపారి. మూడూ రంగులద్దిన కదిలే బొమ్మలే. వాటిలో వ్యాపారి మహా నోటి దురుసు మనిషి. పెంతెకొస్తు అనే క్రైస్తవ పండుగకు చుట్టుపక్కల పల్లెల జనం ఊరేగింపుగా గుడికి వచ్చేవారు. ఆర్గన్‌లో నక్కిన మనిషి ఈ బొమ్మను ఆడిస్తూ, మోటు పాటలు పాడుతూ, వచ్చినవాళ్లను వెక్కిరించేవాడు. కింద పూజ జరుగుతున్నా ఆగేవాడు కాదు.

1478 నుంచి అక్కడ ప్రసంగించిన మతబోధకుడు గైలర్ ఫాన్ కైసర్స్‌బెర్గ్ దీన్ని ఆపించమని నగరసభకు మొరపెట్టుకున్నాడు. అందుకని ఆయనను నవ్వంటే గిట్టని గురువుగా చిత్రించడం, బొమ్మను జనం గొంతుగా మెచ్చుకోవడం తేలికే. నేను ఒప్పుకోను. గైలర్ ప్రసంగాలే సామెతలతో, చురకలతో నిండి ఉండేవి. ఆయన బాధ పూజకు భంగం కలుగుతోందని. నా అభ్యంతరం వేరు. నవ్వేది పట్నం, నవ్వులపాలయ్యేది పల్లె. పైగా వెక్కిరించేవాడి ముఖం ఎవరికీ కనబడదు.

మన తోలుబొమ్మలాటలో కేతిగాడి మోటుతనమూ తక్కువేమీ కాదు. కానీ ఆడించేవాడు చూసేవాళ్లు పెట్టిన గింజలతోనే బతకాలి. హద్దు మీరితే ఆ ఊళ్లో మళ్లీ ఆట కట్టనివ్వరు. ప్రెట్జెల్ వ్యాపారికి ఆ భయం లేదు.

మన తెలుగు సంఘాల ఉగాది వేదికల మీద పంచె కట్టిన పల్లెటూరి మామయ్య, ఆయన యాస మీద పేలే హాస్యం నాకు ఆ ఆర్గన్‌నే గుర్తుకు తెస్తాయి. హాలంతా నవ్వుతుంది, నిజమే. ఈసారి నాటికలు ఎంపిక చేసే మిత్రులు అలాంటి పాత్ర ఉన్న రాతప్రతిని ముందు ఆ యాసలోనే ఇంట్లో మాట్లాడుకునే ఇద్దరు ముగ్గురి చేత చదివించాలి. వాళ్లు నవ్వితే వేదికెక్కించండి.