శనిగారి మీద ఒక ఫిర్యాదు

ఏలినాటి శని పట్టిందని తెలియగానే నీలం పొదిగిన ఉంగరం చేయించుకుని నడిమి వేలికి పెట్టుకున్నవాణ్ణి నేను. నవగ్రహ మండపంలో ఆయనకు నల్లబట్ట కట్టించాను, నల్లనువ్వులు సమర్పించాను, నూనెతో అభిషేకమూ చేయించాను. ఇంత భక్తితో కొలిచిన నేను మొన్న ఒక టెలిస్కోపులోంచి ఆయన దర్శనం చేసుకున్నాను. పసుపు! అదీ ముదురు పసుపు కాదు, నెయ్యి వేసి కలిపిన ముద్దపప్పు రంగు. పైన అమ్మోనియా స్ఫటికాల మబ్బులు, వాటి మీద పలుచని పొగమంచు పొర. ఎండలోని నీలాన్ని ఆ పొర కొంత మింగేసి మిగతాది తిప్పి పంపుతుందట. నేను నీలం సమర్పించింది నీలాన్ని మింగేవాడికన్నమాట.

బట్టల విషయంలో మిగతా గ్రహాలకూ క్రమశిక్షణ లేదు. బుధుడికి మనం ఆకుపచ్చ వస్త్రం కడతాం, ఆయన పేరు చెప్పి మరకతం కొంటాం. మెసెంజర్ నౌక 2011 నుంచి 2015 దాకా ఆయన చుట్టూ తిరిగి ఫోటోలు తీస్తే తేలింది బూడిద రంగు. పైన కప్పుకోవడానికి ఒక్క మబ్బు తునక లేదు కనుక ఒంటి రాయి రంగే బయటపడింది. పేదవాడు, వదిలేద్దాం. శుక్రుడు మాత్రం సల్ఫ్యూరిక్ ఆమ్లపు మబ్బులు కప్పుకుని, పడిన వెలుగులో నాలుగింట మూడు వంతులు వెనక్కి కొట్టి, తెల్లగా నిగనిగలాడుతున్నాడు. వజ్రాలు కొన్నవారు ఊపిరి పీల్చుకోవచ్చు.

కుజుడు మాట తప్పలేదు, ఎర్రగానే ఉన్నాడు. అయితే అది శౌర్యం కాదు, మట్టిలోని ఇనుముకు పట్టిన తుప్పు. 2013లో శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళయాన్ పది నెలలకు పైగా ప్రయాణించి ఆ రంగును కెమెరాలో పట్టింది. వానాకాలం వెళ్లాక మా ఇంటి గేటు దగ్గరికి వచ్చినా దొరికేది.

అసలు నేరం నెప్ట్యూన్ దగ్గర జరిగింది. 1989లో వాయేజర్ 2 అనే అంతరిక్ష నౌక తీసిన ఫోటోల్లో మబ్బులూ చారలూ బాగా తెలియాలని శాస్త్రవేత్తలు రంగు కాస్త పెంచారు. పెంచామని కింద రాశారు కూడా. ఫోటో ఊరూరా తిరిగింది, కింద రాసిన ముక్క దారిలో ఎక్కడో రాలిపోయింది. పాపం, పిల్లలు ముప్పై నాలుగేళ్లు ఆ గ్రహానికి ముదురు నీలమే పూశారు. చివరికి 2024లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు లెక్క సరిచూసి, అది ఆకుపచ్చ కలిసిన లేత నీలమని, పొరుగున ఉన్న యురేనస్ కన్నా పిసరంత నీలం ఎక్కువ, అంతేనని తేల్చారు. రెండింటి గాలిలోనూ ఎరుపును తాగేసే మీథేన్ ఉంది. యురేనస్ మీద పొగమంచు ఇంకొంచెం దట్టం కాబట్టి అది మరింత వెలిసినట్టు కనిపిస్తుంది.

మా మేనల్లుడి పెళ్లిచూపుల ఫోటోకు స్టూడియోవారు పూసిన మెరుగు ఇంతకన్నా ఎక్కువేమీ కాదు. పిల్లవాడు గుమ్మంలో చెప్పులు విడిచేలోపే పెళ్లికూతురి మేనత్త కనిపెట్టేసింది. అంతరిక్ష పరిశోధకులు ప్రతి ప్రయోగానికీ అలాంటి మేనత్తనొకరిని నియమించుకోవాలని నా మనవి.

శని సంగతి మాత్రం తేల్చుకోవాలని రత్నాల కొట్టుకు వెళ్లాను. నీలం వెనక్కి తీసుకుని పుష్యరాగం ఇవ్వమన్నాను.

“అది గురుడి రాయండీ, శనికి పనికిరాదు.”

శని ఫోటో చూపించాను. కళ్లజోడు సర్దుకుని చూసి, “ఫోటోల్లో రంగులు నమ్మకండి సార్” అన్నాడు.

నెప్ట్యూన్ గుర్తుకొచ్చి, ఉంగరం మళ్లీ వేలికి పెట్టుకున్నాను.