నా యాంప్ స్టాండ్ ఎవరి మిక్సర్ బల్లా కాదు

నిన్న రాత్రి హన్మకొండలో ఒక రిసెప్షన్‌లో గిటార్ వాయించి ఇంటికి వచ్చేసరికి పన్నెండున్నర అయింది. పొద్దున్నే డ్యూటీ ఉంది, అయినా నిద్ర పట్టలేదు. నాలుగింటికి లేచి, ముందు గదిలో లైటు వేసి, నా యాంప్‌ను (గిటార్ సౌండ్ పెంచి వినిపించే స్పీకరు పెట్టెను) పెట్టుకునే స్టాండ్‌ను మళ్ళీ ఒకసారి చూశాను. ముందు పట్టీ కిందికి వంగిపోయింది. నల్ల పెయింట్ లేచి, దాని కింద రెడాక్సైడ్ కూడా పోయి, ఇనుము తెల్లగా మెరుస్తోంది. సుత్తి దెబ్బలు నాలుగు, పక్కపక్కనే, వేలు పెట్టి తడిమితే ఒక్కొక్కటీ తెలుస్తోంది. ఇది రాసేస్తే తప్ప ఇవాళ నాకు వేరే పని మీద మనసు పెట్టడం కాదు.

నిన్న సాయంత్రం ఆరింటికే హాలుకు వెళ్ళాను. స్టేజీ మీద ఎడమ మూల నాది. కొత్తవాడలో కొన్న చిన్న జంపఖానా పరిచి, స్టాండ్ విప్పి, యాంప్ ఎక్కించి, నిలబడే చోట నిలబడి రెండు కార్డ్స్ వాయించి చూసుకున్నాను. బాగుంది. జనం ఇంకా రాలేదు కదా అని టీకి దిగాను, పది నిమిషాలు కూడా కాలేదు. తిరిగొచ్చేసరికి నా యాంప్ నేల మీద ఉంది. నా స్టాండ్ మీద సౌండ్ సిస్టం అబ్బాయి మిక్సర్, అంటే మైకుల సౌండ్ కలిపి సరిచేసే పెట్టె, ఉంది. స్టాండ్ వెనక్కి వాలుగా ఉంటుంది కాబట్టి మిక్సర్ సమంగా కూర్చోవడానికి వెనకాల రెండు ఇటుకలు పెట్టాడు. ముందు పట్టీ అడ్డం వస్తోందని టెంట్ వాళ్ళ దగ్గర సుత్తి అడిగి తెచ్చి, దాన్ని కిందికి కొట్టేశాడు.

"ఇదేంది తమ్మీ?" అన్నాను.

"మిక్సర్‌కు బల్ల దొరకలే అన్నా. యాంప్‌దేముంది, కింద పెడితే ఏమైతది? సౌండ్ రాదా?"

అప్పటికే పెళ్ళివాళ్ళు లోపలికి వస్తున్నారు. పట్టీ లేకపోతే యాంప్ జారిపోతుంది కాబట్టి ఇక ఆ స్టాండ్ మీద పెట్టలేను. యాంప్‌ను నేల మీదే ఉంచి మూడు గంటలు వాయించాను.

కింద పెడితే ఏమైతది. ఈ మాట నేను ఎన్ని హాళ్ళలో విన్నానో లెక్క లేదు. గిటార్ వాయించే ప్రతివాడూ విని ఉంటాడు. ఏమైతదో ఇవాళ చెప్తాను, ఆ అబ్బాయి కూడా చదవాలి.

నా యాంప్‌లో ఉన్నది 12 అంగుళాల స్పీకరు, అంటే దాని కోను (అదిరి సౌండ్ చేసే గిన్నె లాంటి కాగితం) వెడల్పు సుమారు 30 సెంటీమీటర్లు. సన్నటి సౌండ్, పదును, ఒక్కో తీగ విడిగా వినపడేలా చేసేదంతా ఆ కోనుకు ఎదురుగానే పోతుంది. సుమారు 1100 హెర్ట్జ్ దాటిన దగ్గర్నుంచి పైకి పోయేకొద్దీ టార్చి లైటు వెలుగు లాగా సన్నబడుతుంది. లైటు ఎటు తిప్పితే అటే కనపడినట్టు, స్పీకరు ఎటు చూస్తే ఆ పదును అటే. బేస్, అంటే బరువైన కింది సౌండ్, అట్లా కాదు, అది చుట్టూ పరుచుకుంటుంది. పైగా యాంప్ నేలకు ఆని ఉంటే నేల ఆ బేస్‌ను ఇంకా పెంచుతుంది. మన ఫంక్షన్ హాళ్ళ స్టేజీలు చాలావరకు ఇనుప ఫ్రేముల మీద ప్లైవుడ్ వేసినవే కదా, లోపల అంతా డొల్ల. దాని మీద యాంప్ పెట్టి మందపు తీగ మీటితే, దాని 82 హెర్ట్జ్ సౌండ్‌కు స్టేజీ మొత్తం తప్పెట లాగా గుయ్యిమంటుంది.

అంటే నేల మీద యాంప్ పెట్టుకుని ఆరడుగుల దూరంలో నిలబడితే నా మోకాళ్ళకు గిటార్ చక్కగా వినపడుతుంది, నా చెవులకు మాత్రం వచ్చేది ఆ గుయ్యిమనేదే. నేను వాయించింది నాకు వినపడకపోతే ఏం చేస్తాను, వాల్యూం పెంచుతాను. పెంచాను. రెండో పాట సగంలో పెళ్ళికొడుకు మేనమామ స్టేజీ దగ్గరకు వచ్చి, "గిటార్ జర తగ్గియ్యి బాబూ, చెవులల్ల గుచ్చుతాంది" అన్నాడు.

ఆయన తప్పేమీ లేదు. నిజంగానే గుచ్చుతోంది. స్టేజీ ఎత్తు మూడడుగులు. దాని మీద నేలకు ఆనించిన యాంప్‌లో స్పీకరు మధ్య భాగం ఇంకో ఎనిమిది అంగుళాల ఎత్తులో ఉంది. మొత్తం 44 అంగుళాలు. కుర్చీలో కూర్చున్న మనిషి చెవి కొలవండి, అటూ ఇటుగా అంతే ఉంటుంది. నా యాంప్ పదును మొత్తాన్ని తీసుకెళ్ళి ముందు వరుసలో కూర్చున్న ఆ పెద్దాయన చెవిలో పెట్టినట్టయింది. నాకు వినపడక నేను పెంచుతున్నాను, ఆయనకు గుచ్చుకుని తగ్గించమంటున్నాడు, మధ్యలో మిక్సర్ దగ్గర కూర్చున్న అబ్బాయి "గిటార్ అన్న ఎప్పుడూ గంతే, సౌండ్ ఎక్కువ పెడతడు" అని పాడే అమ్మాయికి చెప్తున్నాడు. నా స్టాండ్ మీద మోచెయ్యి ఆనించి చెప్తున్నాడు.

యాంప్‌ను కాస్త ఎత్తు చేసి, కాస్త వెనక్కి వాల్చితే ఈ గొడవంతా పోతుంది. పదును నా చెవికి వస్తుంది, ముందు వరుస వాళ్ళ నెత్తి మీదుగా పోతుంది, నేను సగం వాల్యూంతో హాయిగా వాయించుకుంటాను. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. అమెరికాలో గిటార్లు, యాంప్‌లు చేసే ఫెండర్ వాళ్ళు 1963లో ట్విన్ రివర్బ్ అనే యాంప్ తెచ్చినప్పుడే దానికి రెండు పక్కలా వాల్చుకునే కాళ్ళు ఇచ్చారు. 29 కిలోల పెట్టె అది, దాన్ని వెనక్కి వాల్చి కాళ్ళ మీద ఆపాలని అప్పుడే ఆలోచించారు. అరవై ఏళ్ళ కింద వాళ్ళకు తెలిసింది మన దగ్గర ఇప్పటికీ "యాంప్‌దేముంది".

ఆ స్టాండ్ ఎట్లా తయారైందో కూడా చెప్పాలి, చెప్పకపోతే సుత్తి దెబ్బల బాధ అర్థం కాదు.

మొదట ఆన్‌లైన్‌లో ఒకటి కొన్నాను. మడిచే రకం, సన్నటి గొట్టాలు. డబ్బా మీద 15 కిలోల వరకు మోస్తుందని రాసి ఉంది, నా యాంప్ 19 కిలోలు. నాలుగు కిలోలే కదా అనుకున్నాను. నిలబడింది, కానీ వాయిస్తుంటే వణికేది. మర ఒకటి వదులై కిర్రుమనేది, ఆ కిర్రు మైకులో కూడా వచ్చేది. ఇంకో ఇబ్బంది ఏంటంటే వెనక ఆనే కడ్డీ మరీ పొట్టి. మా యాంప్ లాంటి వాటిలో ట్రాన్స్‌ఫార్మర్, సర్క్యూట్ అంతా పైన వేలాడుతుంది, కింద స్పీకరు. అంటే పైభాగమే బరువు. వెనక్కి వాల్చినప్పుడు ఆనేది సగం ఎత్తు కంటే పైకి లేకపోతే యాంప్ వెనక్కి పల్టీ కొడుతుంది. అమ్మేవాళ్ళు ఇది ఎక్కడా చెప్పరు.

తర్వాత 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో నేనే ఒకటి చేసుకున్నాను. సౌండ్‌కు బాగానే ఉంది గానీ మడవడం కాదు, ఆటోలో యాంపూ గిటారూ అదీ కలిపి పట్టవు. రెండు వానాకాలాలకు అంచులు ఉబ్బి పొరలు లేచిపోయాయి.

అప్పుడు ములుగు రోడ్డులో ఒక వెల్డింగ్ షాపుకు పోయాను. అక్కడ ఒక పెద్దాయన, కాకా అంటాను. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేస్తాడు. గిటార్ పెట్టెకు స్టాండ్ అంటే మొదట తల ఊపాడు గానీ ఆయనకూ అర్థం కాలేదు. రెండోరోజు యాంప్‌నే ఆటోలో తీసుకుపోయి షాపు ముందు పెట్టి, కరెంటు ఇచ్చి, వాయించి చూపించాను. "కాకా, ఇక్కడ కూసో, ఇప్పుడు నిలబడు, తేడా చూడు" అన్నాను. ఆయన కూర్చుని విన్నాడు, నిలబడి విన్నాడు, మళ్ళీ వంగి విన్నాడు. తర్వాత ఏమీ మాట్లాడకుండా లోపలికి పోయి ఇటుక ముక్కలు తెచ్చి యాంప్ ముందు అంచు కింద ఒక్కొక్కటే పెట్టుకుంటూ, "ఇప్పుడు? ఇప్పుడు?" అని అడుగుతూ పోయాడు. ఒకచోట ఆపు అన్నాను. మా బిడ్డ జామెట్రీ బాక్స్‌లో కోణమానిని తీసుకుపోయాను కదా, పెట్టి చూస్తే 25 డిగ్రీలకు కొంచెం అటూ ఇటు. పీట ఎత్తు 40 సెంటీమీటర్లు అనుకున్నాం.

అంగుళం చదరపు గొట్టం, 16 గేజ్. వెనక ఆనే చట్రం యాంప్ ఎత్తులో ముప్పావు వంతు వరకు, మధ్యలో ఖాళీగానే, ఎందుకంటే నా యాంప్ వెనక భాగం తెరిచి ఉంటుంది, అటు నుంచి కూడా సౌండ్ వస్తుంది, వేడి కూడా పోవాలి. వెనక కాళ్ళు బాగా వెనక్కి చాచి పెట్టాడు, యాంప్ బరువు ఎటు పోయినా నాలుగు కాళ్ళ నడుమే పడేలా. ముందు యాంప్ జారకుండా పట్టీ, రెండంగుళాలు మించకుండా, స్పీకరుకు అడ్డం రాకుండా. ఆనే ప్రతిచోటా పాత సైకిల్ ట్యూబు కోసి అతికించాడు, కాళ్ళకు రబ్బరు బుష్‌లు. మడిచే చోట బోల్టుకు రెక్కల నట్టు, పానా లేకుండా చేత్తోనే తిప్పుకోవచ్చు. పట్టీ అంచులు చేతికి గీసుకుంటాయని ఆయన ఆకురాయితో అరగంట అరగదీశాడు. నేను అడగలేదు. ఆయన గేట్లు చేసి బతికే మనిషి, గిటార్ ఎప్పుడూ పట్టుకోలేదు, అయినా వేలికి గీసుకుంటుందేమో అని ఆలోచించాడు. రోజూ స్టేజీ మీదే ఉండే మనిషి దాన్ని సుత్తితో కొట్టాడు. నా కోపం అక్కడ.

ఇంకా ఉంది. ఆరేళ్ళ కింద పరకాల వైపు ఒక ఊళ్ళో ప్రోగ్రాం. అప్పుడు నాకు స్టాండ్ లేదు. నిర్వాహకుడు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి "దీని మీద పెట్టు, నిలబడతది" అన్నాడు. ప్లాస్టిక్ కుర్చీ పీట నున్నగా ఉంటుంది, దాని మీద యాంప్ ప్రతి బేస్ దెబ్బకూ వెంట్రుకవాసి చొప్పున జరుగుతూ పోతుంది. నేను జనం వైపు తిరిగి వాయిస్తున్నాను, నాకేం తెలుసు. నాలుగో పాటలో ఒక్కసారిగా దబ్బుమని పడింది. మైకు స్టాండ్ కొస తగిలి కోను చిరిగింది. ఆ చిరుగు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది, అరచేతి పొడుగు, నల్ల కాగితం చింపినట్టు.

కొత్త స్పీకరు నా డబ్బుతో వేయించుకున్నాను. సరే. కానీ పాట మధ్యలో ఆగిందని ఆ రాత్రి నాకు ఇవ్వాల్సిన దాంట్లో ఐదువందలు కోశారు. కుర్చీ ఎవరిచ్చారు? వాళ్ళే. "నీ సామాను నువ్వే చూసుకోవాలె కద" అన్నారు. ఆ ఐదువందలు నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

కీబోర్డుకు స్టాండ్ ఉంటుంది. డ్రమ్ ప్యాడ్స్‌కు స్టాండ్ ఉంటుంది. పాడేవాళ్ళకు మైకు స్టాండ్, పాటలు చూసుకోవడానికి ఫోన్ స్టాండ్. నిన్నటి హాల్లో పూలకుండీలకు కూడా నగిషీ చెక్కిన ఇత్తడి రంగు స్టాండ్లు ఉన్నాయి, ఒక్కోటీ నా నడుమెత్తు. గిటారిస్టు యాంప్ ఎక్కడ పెడతాడు అని ఇన్నేళ్ళలో ఒక్క నిర్వాహకుడు నన్ను అడగలేదు. కరెంటు ప్లగ్గు కూడా చివరికి మిగిలిందే ఇస్తారు, అది కూలర్‌తో కలిపి. అన్నం పెట్టేది అందరూ తిన్నాక, అప్పటికి కూర అయిపోయి ఉంటుంది. వాయించేవాళ్ళం కదా, పనోళ్ళం కదా, ఆగుతాం. తిండి సంగతి పోనీ, ఆకలికి నేను ఓర్చుకుంటాను. నా సౌండ్ పాడుచేసి మళ్ళీ నీ సౌండ్ బాగాలేదు అంటే ఓర్చుకోను.

ప్రోగ్రాం అయిపోయాక నిర్వాహకుడికి స్టాండ్ చూపించాను. ఆయన ఫోన్‌లోంచి తలెత్తి, "గింత చిన్నదానికి గంత లొల్లేంది, వంగింది గదా, మళ్ల వంచుకో" అన్నాడు. వంచుకో అట. మూడు మిల్లీమీటర్ల పట్టీని ఒకసారి మొదటికి మడిచాక మళ్ళీ ఎదురు వంచితే మడత దగ్గర పగుళ్ళు వస్తాయి. దాని మీద 19 కిలోలు పెట్టి పిల్లలు తిరిగే స్టేజీ అంచున ఆపాలి నేను. నిన్న మూడోపాటకు ఇద్దరు చిన్నపిల్లలు నా కాళ్ళ దగ్గరే ఎగురుతున్నారు. యాంప్ జారి వాళ్ళ మీద పడితే అప్పుడు కూడా చిన్నదేనా? ఆ అబ్బాయి మీద కంటే నాకు ఈయన మాట మీదే ఎక్కువ మంట. ఆ అబ్బాయికి ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, ఎవరూ చెప్పలేదు, నేర్చుకుంటాడు. ఈయన పదిహేనేళ్ళుగా ఈ పనే చేస్తున్నాడు.

ఇవాళ డ్యూటీ దిగగానే ములుగు రోడ్డుకు పోతున్నా. ఆ పట్టీ కోసేసి కొత్తది అతకమంటాను, ఈసారి ఐదు మిల్లీమీటర్లది. అది చూస్తే కాకా ఏమంటాడో, ఆయన ముఖం తలుచుకుంటేనే నాకు సిగ్గుగా ఉంది, నేను కొట్టకపోయినా.

శనివారం కాజీపేటలో ప్రోగ్రాం, మళ్ళీ అదే సౌండ్ సిస్టం. తమ్మీ, ఇది చదువుతుంటే చెప్తున్నా, మిక్సర్‌కు బల్ల తెచ్చుకో. దొరకకపోతే శుక్రవారం లోపు ఫోన్ చెయ్యి, మా ఇంట్లో అమ్మ కుట్టుమిషన్ బల్ల ఖాళీగానే ఉంది, ఆటోలో నేనే వేసుకొస్తా. నా స్టాండ్ జోలికి మాత్రం రాకు.