ఆటల గది తాళంకప్ప గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఉన్నత పాఠశాల ఆటల గది తాళంకప్ప గారికి నమస్కరించి వ్రాయునది.

మీరూ, బీరువాలోని స్టాకు రిజిస్టరూ క్షేమంగా ఉన్నారని తెలిసి సంతోషం. మీ వెనకాల ఉన్నవాటి క్షేమం కోసమే ఈ ఉత్తరం.

2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆట వస్తువులు ప్రతి తరగతికీ అవసరమైన మేరకు ఇవ్వాలని ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితే చిత్రకళకూ, వ్యాయామానికీ పార్ట్‌టైం బోధకులు ఉండాలనీ ఉంది. మీ పేరు మాత్రం ఎక్కడా లేదు. అయినా నూటికి నూరుపాళ్లు అమలైంది మీరొక్కరే. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద ఆట సామానుకు ప్రాథమికోన్నత పాఠశాలకు ఏడాదికి 10 వేలు, ఉన్నత పాఠశాలకు 25 వేల దాకా ఇస్తారు. ఆ డబ్బు ఫిబ్రవరిలో చేతికొస్తే మార్చి 31లోగా బిల్లులు పెట్టాలి. బంతులు వచ్చేసరికి పిల్లలు పరీక్షల్లో ఉంటారు. ఆ వెంటనే వేసవి సెలవులు. జూన్‌లో బడి తెరిచేనాటికి కొత్త వాలీబాల్‌కు మీతో తప్ప ఇంకెవరితోనూ పరిచయం ఉండదు.

ఆ వాలీబాల్ సంగతే చూద్దాం. 65–67 సెంటీమీటర్ల చుట్టుకొలత, 260–280 గ్రాముల బరువు, అంతా రూలు ప్రకారమే. మూలన పడి ఉండి గాలి దిగిపోయింది, వానాకాలం చెమ్మకి పైతోలు బిరుసెక్కింది. ఏ ఇన్‌స్పెక్షనో వస్తుందంటే దాన్ని సైకిల్ షాపుకు పంపుతారు. పొడి సూది గుచ్చగానే వాల్వు చిరుగుతుంది. సూదిని తడిపి గుచ్చాలని చెప్పేవాళ్లుండరు. వాల్వు బతికి బయటపడినా, నాలుగున్నర పీఎస్ఐ ఒత్తిడి దగ్గర ఆగాల్సిన గాలిని కంప్రెసర్‌తో రాయిలా బిగిస్తారు. ఏడో తరగతి పిల్ల మొదటిసారి రెండు చేతులూ చాపి ఆ బంతిని అందుకుంటుంది. ముంజేతులు కందిపోతాయి. రెండోసారి బంతి వస్తుంటే పక్కకి తప్పుకుంటుంది. ‘ఈ అమ్మాయికి ఆటలంటే ఆసక్తి లేదు’ అని అక్కడితో తేల్చేస్తారు. కాస్త మెత్తటి బంతి ఇచ్చి, నెట్టు రెండు మీటర్లకు దించి కడితే ఆ పిల్లే నెలలో సర్వీసు వేస్తుంది. కానీ నెట్టును ఎలుకలు కొరికిన విషయం మీకూ, ఎలుకలకూ తప్ప ఎవరికీ తెలియదు.

తప్పంతా మీదే అనడం లేదు. బంతి పోతే సంజాయిషీ రాయాలి. చిరిగితే దాన్ని రికార్డులోంచి తీసేయడానికి కమిటీ, సంతకాలు కావాలి. అసలు ఆడకపోతే మాత్రం ఎవరూ ఏమీ అడగరు. రోజూ ఆడితే ఏడాదిలో అరిగిపోవాల్సిన బంతి ఆరేళ్లయినా మెరుస్తుంటే రిజిస్టరు దృష్టిలో అది మంచి నిర్వహణ. ఆ ఆరేళ్లలో ఆడకుండానే పదో తరగతి దాటిపోయిన పిల్లల కోసం అందులో కాలమ్ లేదు.

వస్తువులు లేకుండా ఆడించొచ్చు కదా అంటారేమో. నిజమే, ఖోఖో ఉంది. రెండు స్తంభాలు, 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు నేల చాలు. ఒక్క కోర్టులో 24 మందికి పని దొరుకుతుంది. పోటీల్లో పెద్దల టర్ను, అంటే ఒక జట్టు తరిమే వంతు, 9 నిమిషాలు, 40 నిమిషాల పీరియడులో దాన్ని నాలుగుకు కుదించుకోవాలి. గీతలు ముగ్గుపిండితో వేయాలి. చవకని సున్నం చల్లితే కింద కూర్చునే పిల్లల ఒళ్లూ కళ్లూ మండుతాయి. స్తంభం అడుగున్నర లోతు పాతకపోతే దాన్ని పట్టుకుని మలుపు తిరిగే మొదటివాడితోనే ఊడొస్తుంది. మరి స్తంభాలు ఎక్కడున్నాయి? మీ వెనకాలే.

ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి జట్లు కోరుకోమనే పద్ధతి మీ తమ్ముడే. ఎప్పుడూ చివర మిగిలే ఆ నలుగురూ దసరా సెలవుల్లోపే కడుపునొప్పి నేర్చుకుంటారు. ఎనిమిదో తరగతిలో ఆడపిల్లలు గట్టెక్కి కూర్చుంటే దానికి సిగ్గు అని పేరు. బాత్‌రూమ్‌లో నీళ్లుండి, చున్నీకి బదులు ట్రాక్‌ప్యాంటు ఇచ్చి, గ్రౌండులో సగం వాళ్లకు వదిలితే ఆ సిగ్గు ఎంతుంటుందో ఏ బడైనా వారంలో తేల్చుకోవచ్చు.

ఆటల గది అన్నారు గానీ కళలకూ మీరే కాపలా. హార్మోనియం గాలితిత్తిలో పురుగు, ఇత్తడి రీడ్లకు చిలుము. పోస్టర్ కలర్ సీసాల్లో రంగు బెడ్డలు కట్టింది. బ్రష్షులు కుచ్చు కిందికి పెట్టి నిలబెట్టినందుకు అన్నీ ఒకే వైపు వంగి మీకు వందనం చేస్తున్నాయి. డప్పు చర్మం చెమ్మకి సాగి, కొడితే చాపను కొట్టినట్టు మోగుతోంది. గడ్డి మంట వేసి నాలుగైదు నిమిషాలు కాచి, కుడిచేతికి సిర్ర అనే కర్ర, ఎడమచేతికి చిటికెన పుల్ల ఇస్తే తరగతిలో అల్లరి చేసే కుర్రాడు దరువు పట్టుకుని కదలడు. రంగుల్లేని డ్రాయింగ్ పీరియడులో పిల్లలు ఏం వేస్తారో తెలిసిందే: రెండు కొండలు, మధ్యన సూర్యుడు, ఒక గుడిసె, కొబ్బరిచెట్టు. కొండ కనబడని ఊళ్లోనూ ఇదే బొమ్మ. కిటికీలోంచి కనిపించే బోరింగును గీయమంటే మొదట తెల్లమొహం వేస్తారు, తర్వాత లేవరు.

పాట సంగతి ఇంకా కష్టం. గొంతు మారే వయసు మగపిల్లాడితో నిరుటి శ్రుతిలోనే పాడిస్తారు. గొంతు చీలుతుంది, తరగతి నవ్వుతుంది, వాడు ఇక పాడడు. శ్రుతి దించి పాడిస్తే సరిపోయే పని. దించడానికి హార్మోనియం మీ దగ్గరుంది.

ఆగస్టు 29న హాకీ వీరుడు ధ్యాన్‌చంద్ జయంతికి, అంటే జాతీయ క్రీడా దినోత్సవానికి, మిమ్మల్ని ఫొటో కోసం తీస్తారని తెలుసు. అదే రోజు గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం కూడా కావడంతో ఉపన్యాసాలకే పొద్దు సరిపోయి, బంతి ఫొటో దిగి లోపలికొచ్చేస్తుంది.

కాబట్టి మా విన్నపం. తాళంచెవి ఎనిమిదో తరగతి పిల్లలిద్దరికి ఇవ్వండి, నెలకో జంట మారాలి. ఒక నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను. ఇచ్చినవెన్ని, వచ్చినవెన్ని అని వాళ్లే రాసుకుంటారు. అరిగిన బంతిని అరిగింది అనే రాస్తారు. ఏటా రెండు బంతులు పోతాయి. పోనివ్వండి.

ఇట్లు,
మీ తలుపు బయట నిలబడ్డ మూడు సెక్షన్లు

తా.క. పీఈటీ సారు ఎలక్షన్ డ్యూటీలో ఉన్నారు. డూప్లికేటు తాళంచెవి లోపలే, క్యారమ్ బోర్డు వెనక ఉందట.