పెద్దమ్మ కాటా, ప్రపంచ వాణిజ్యం

మన ఎగుమతుల విధానం ఢిల్లీలో తయారవుతుందని చాలామంది భ్రమ. అది హనుమకొండలో, మా పెద్దమ్మ ఇంటి ముందుగదిలో, స్ప్రింగ్ కాటాకు వేలాడుతూ తయారవుతుంది. మనవరాలు డాలస్ వెళ్లే ముందురోజు రాత్రి అక్కడ జరిగే చర్చల ముందు ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశాలు దిగదుడుపే.

విమానం వాళ్లు ఒప్పుకునేది పెట్టెకు 23 కిలోలు. కాటా ఇరవై నాలుగున్నర చూపిస్తుంది. "పుస్తకాలు తియ్యి, సకినాలు ముట్టకు" అని పెద్దమ్మ ఆర్డినెన్సు. మామిడికాయ తొక్కు డబ్బాకు మూడు కవర్లు, టేపు, ఆపైన పాత తువ్వాల. నూనె కారితే దౌత్య సంబంధాలు చెడతాయి కదా!

1994లో డేవిడ్ గౌల్డ్ అనే ఆర్థికవేత్త లెక్కలు కట్టి, వలస వచ్చినవాళ్ల సొంత దేశాలతో అమెరికా వ్యాపారం పెరుగుతుందని తేల్చాడు. నాలుక పాత రుచి మరవదు. పైగా ఎవరి సరుకు మంచిదో, ఎవరి మాట నమ్మొచ్చో వాళ్లకు ముందే తెలుసు. దిగుమతులకంటే అమెరికా ఎగుమతులే ఎక్కువ పెరుగుతాయని కూడా అన్నాడు. పెద్దమ్మకు పేచీ ఇక్కడే. పోయినవి రెండు పెట్టెలు, వచ్చింది ఒక చాక్లెట్ పాకెట్.

అనుమానముంటే 2023 జూలై గుర్తుచేసుకోండి. బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం ఆపగానే అమెరికాలో మనవాళ్లు సోనామసూరి బస్తాల కోసం పరుగులు పెట్టారు. లక్షల జీతాలవాళ్లు రేషన్ క్యూలో నిలబడ్డట్టు నిలబడ్డారు. మరి పెట్టెలో బియ్యం పోద్దామా అంది పెద్దమ్మ. ఖప్రా పురుగు భయంతో అమెరికా కస్టమ్స్ వాళ్లు ప్రయాణికుల సంచుల్లో మన బియ్యాన్ని రానివ్వరని చెప్పాను. "పురుగు వట్టిన బియ్యం నేనెందుకు పంపుత?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

జగిత్యాల, సిరిసిల్ల దిక్కు లెక్క వేరు, అక్కడివాళ్లు పోయేది గల్ఫ్‌కు. యూఏఈతో మన వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది 2022 మేలో. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే గల్ఫ్‌కు కారం, పసుపు పోతున్నాయి. తాడు కట్టిన కార్టన్లలో దుప్పట్లు, టైగర్ బామ్ ఇటు వస్తున్నాయి. కార్టన్‌లో ఏముందని కస్టమ్స్ వాళ్లు అడుగుతారు. దాన్ని మోసుకొచ్చినాయన గల్ఫ్‌కు పోయేటప్పుడు మాత్రం ఆయన్ని సరుకుల ఎగుమతి ఖాతాలో ఎవరూ రాసుకోలేదు.

కాటా ఇప్పుడు 23.2 దగ్గర ఊగుతోంది.

"రెండొందల గ్రాములకు ఎవడడుగుతడు, జిప్పెయ్యి" అంది పెద్దమ్మ.