డాలరు భోషాణం బీటలు వారుతోంది, డాలరు బాట మాత్రం చెదరలేదు

1956 నవంబరు మొదటి వారంలో బ్రిటిష్ సేనలు ఈజిప్టులో సూయజ్ కాలువ ముఖద్వారమైన పోర్ట్ సయీద్‌లో దిగాయి. యుద్ధభూమిలో పని అనుకున్నట్టే సాగుతోంది. లండన్‌లో ఆర్థికమంత్రి హెరాల్డ్ మాక్‌మిలన్ ముందున్న అంకెలు మాత్రం వేరే కథ చెబుతున్నాయి. పౌండు విలువను నిలబెట్టడానికి దాచుకున్న డాలర్లు, బంగారం రోజురోజుకూ కరిగిపోతున్నాయి. అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) నుంచి సొమ్ము తెచ్చుకుందామంటే అమెరికా అడ్డుపడింది. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఒక్క తూటా పేల్చలేదు, సేనలు వెనక్కి మళ్లితేనే సాయం అన్నాడు. నవంబరు 6 అర్ధరాత్రికి కాల్పులు ఆగాయి. డిసెంబరులో సేనలు తిరుగు ఓడలెక్కాయి. పౌండుకు ఊపిరి అందింది ఆ తర్వాతే.

ఒక సామ్రాజ్యం తన నాణెం బలహీనత వల్ల తలవంచిన సందర్భంగా ఈ ఘటనను చాలామంది గుర్తు చేసుకుంటారు. నాకు అందులో మరో విషయం ముఖ్యంగా కనిపిస్తుంది. సూయజ్ నాటికి అమెరికా ఆర్థిక వ్యవస్థ బ్రిటన్‌ను మించిపోయి అర్ధ శతాబ్దానికి పైగా గడిచింది. అంతకాలం పాటు పౌండు పెద్దరికం కొనసాగుతూనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి కూడా ప్రపంచ దేశాల విదేశీ మారక నిల్వల్లో పెద్ద భాగం పౌండ్లలోనే ఉండేది. సామ్రాజ్యం అస్తమించిన చాలాకాలానికి గాని దాని కరెన్సీ అస్తమించదు. కనుక చైనా ఉత్పత్తి పెరిగింది, భారత్, చైనా, రష్యా, బ్రెజిల్ వంటి దేశాల కూటమి బ్రిక్స్ విస్తరించింది కాబట్టి డాలరు రేపో మాపో కూలిపోతుందనే వాదనను నేను అంగీకరించలేను. అలాగని ఏమీ మారలేదనే వాదన కూడా నిలవదు.

చిక్కంతా డాలరు అనే ఒక్క మాటతో మూడు పనులను కలిపి మాట్లాడటంలో ఉంది. దేశాలు డాలర్లను దాచుకుంటాయి. డాలర్లతో చెల్లింపులు జరుపుతాయి. డాలర్లలో అప్పు చేస్తాయి. మొదటిది భోషాణం, రెండోది బాట, మూడోది మెడకు చుట్టుకునే తాడు. ఈ మూడూ ఒకే వేగంతో మారడం లేదు.

ముందు భోషాణం సంగతి. 1999 ప్రాంతంలో ప్రపంచ కేంద్ర బ్యాంకుల విదేశీ మారక నిల్వల్లో డాలరు వాటా 71 శాతం దాకా ఉండేది. 2025 నాటికి అది 57 శాతం అటూఇటూకి వచ్చిందని ఐఎంఎఫ్ లెక్కలు చెబుతున్నాయి. పాతికేళ్లలో ఇది చిన్న తరుగుదల కాదు. మరి ఆ వాటా ఎవరికి దక్కింది? యూరో 20 శాతం దగ్గరే ఆగిపోయింది. చైనా యువాన్ వాటా 2 శాతం చుట్టూనే తిరుగుతోంది. తగ్గినదాంట్లో చాలావరకు కెనడా, ఆస్ట్రేలియా డాలర్ల వంటి చిన్న కరెన్సీల మధ్య తలా కొంచెం చెదిరిపోయింది. సింహాసనం మీదికి మరొకరు వచ్చిన దాఖలా ఇందులో లేదు.

అసలు కుదుపు 2022 ఫిబ్రవరిలో వచ్చింది. ఉక్రెయిన్‌పై రష్యా దండెత్తిన కొద్ది రోజులకే పాశ్చాత్య దేశాలు రష్యా కేంద్ర బ్యాంకు నిల్వల్లో దాదాపు 30 వేల కోట్ల డాలర్ల విలువైన భాగాన్ని స్తంభింపజేశాయి. అందులో అధికభాగం బాండ్లు, షేర్లను భద్రపరిచే బెల్జియం సంస్థ యూరోక్లియర్ ఖాతాల్లో ఉంది. ఉక్రెయిన్‌పై జరిగింది దురాక్రమణే, అందులో నాకు సందేహం లేదు. అయినా ఆ నిర్ణయంతో నిల్వ అనే మాటకే అర్థం మారిపోయింది. ఆపద కాలంలో ఆదుకుంటుందని దాచుకున్న సొమ్ము, సరిగ్గా ఆపద వచ్చిన రోజున ఎదుటివాడి దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన పద్దుగా తేలింది. దండయాత్ర ఆలోచన ఏ మాత్రం లేని దేశాలు సైతం రేపు వాషింగ్టన్‌తో మాటా మాటా పెరిగితే తమ గతేమిటని లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాయి. అంతకు ముందు ఏడాదే తాలిబన్లు కాబూల్‌లోకి రాగానే అఫ్గాన్ కేంద్ర బ్యాంకుకు అమెరికాలో ఉన్న సుమారు 700 కోట్ల డాలర్లకు ఇదే గతి పట్టింది.

దాని ఫలితం బంగారం కొనుగోళ్లలో కనిపించింది. 2022, 2023, 2024 సంవత్సరాల్లో కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. బంగారం వడ్డీ తీసుకురాదు, పైగా కాపలా ఖర్చు పెట్టిస్తుంది. అయినా కొన్నారంటే ఒకటే కారణం. సొంత నేలమాళిగలో ఉన్న బంగారు కడ్డీ ఎవరి వాగ్దానమూ కాదు, దాన్ని మరొక దేశం ఒక ఉత్తర్వుతో చెల్లనిదిగా చేయలేదు. కొనుగోళ్లకు ధర పెరుగుదల తోడవడంతో 2024 చివరికి మార్కెట్ విలువ ప్రకారం ప్రపంచ అధికారిక నిల్వల్లో బంగారం వాటా 20 శాతానికి చేరిందని, 16 శాతం వద్ద ఉన్న యూరోను దాటి రెండో స్థానంలోకి వచ్చిందని యూరోపియన్ కేంద్ర బ్యాంకు లెక్కగట్టింది. 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలరుకు బంగారంతో ఉన్న ముడిని తెంచేశాడు. అర్ధ శతాబ్దం తర్వాత కేంద్ర బ్యాంకులు ఆ ముడిని ఎవరికి వారు మళ్లీ వేసుకుంటున్నాయి.

ఇక బాట సంగతి. ఇక్కడ బొమ్మ పూర్తిగా వేరు.

కొలంబియాలోని ఒక కాఫీ ఎగుమతిదారు కొరియాలోని ఒక కంపెనీకి సరుకు పంపాడనుకుందాం. కొరియా కంపెనీ దగ్గర ఆ దేశపు కరెన్సీ వాన్‌లు ఉన్నాయి, కొలంబియా వ్యాపారికి పెసోలు కావాలి. వాన్ ఇచ్చి నేరుగా పెసో తీసుకునే సంత దాదాపు లేదు. కొరియా బ్యాంకు వాన్‌లతో డాలర్లు కొంటుంది. ఆ బ్యాంకుకూ, కొలంబియా బ్యాంకుకూ న్యూయార్క్ బ్యాంకుల్లో డాలరు ఖాతాలుంటాయి. బ్యాంకుల మధ్య కబుర్లు చేరవేసే స్విఫ్ట్ వ్యవస్థ ద్వారా వెళ్లేది సందేశం మాత్రమే, సొమ్ము కాదు. న్యూయార్క్ పద్దుల్లో ఒక ఖాతాలో అంకె తగ్గి మరో ఖాతాలో పెరుగుతుంది. ఆ డాలర్లను అమ్ముకుంటేనే వ్యాపారి చేతికి పెసోలు వస్తాయి. సరుకు పసిఫిక్ మహాసముద్రం మీదుగా వెళ్లింది, చెల్లింపు మాత్రం అమెరికా చట్టాల నీడలో జరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన బీఎన్‌పీ పారిబా బ్యాంకు సూడాన్, ఇరాన్, క్యూబాల తరఫున ఇటువంటి చెల్లింపులు జరిపినందుకు 2014లో అమెరికాకు దాదాపు 890 కోట్ల డాలర్ల జరిమానా కట్టవలసి వచ్చింది ఇందుకే.

ఈ బాట మీద రద్దీ తగ్గిందా? లేదు. అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు (బీఐఎస్) మూడేళ్లకొకసారి జరిపే సర్వే ప్రకారం 2022లో విదేశీ మారక లావాదేవీల్లో 88 శాతంలో ఒకవైపు డాలరు ఉంది. 2025లో అది 89 శాతం. రోజువారీ లావాదేవీల విలువ 7.5 లక్షల కోట్ల డాలర్ల నుంచి 9.6 లక్షల కోట్ల డాలర్లకు పెరిగింది. డాలరు పని అయిపోయిందని వేదికల మీద ఎక్కువగా వినిపించిన మూడేళ్లు కూడా ఇవే.

బాట మార్చడం ఎందుకంత కష్టమో తెలియాలంటే భారత్, రష్యాల రూపాయి ప్రయోగాన్ని చూడాలి. 2022 జులైలో రిజర్వు బ్యాంకు రూపాయల్లో విదేశీ వాణిజ్యం జరిపేందుకు ప్రత్యేక వోస్ట్రో ఖాతాలకు (విదేశీ బ్యాంకులు మన బ్యాంకుల్లో తెరిచే రూపాయి ఖాతాలకు) అనుమతి ఇచ్చింది. కాగితం మీద లోపం లేని ఏర్పాటు. అయితే రష్యా నుంచి భారత్‌కు చమురు వరదలా వస్తోంది, భారత్ నుంచి రష్యాకు వెళ్లే సరుకు కాలువలా పారుతోంది. ఒకవైపే రూపాయలు పేరుకుపోయాయి. 2023 మేలో గోవాకు వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్, భారత బ్యాంకుల్లో తమకు వందల కోట్ల రూపాయలు పోగుపడ్డాయని, వాటిని వాడుకోవాలంటే మరో కరెన్సీలోకి మార్చుకోవాలని బాహాటంగానే చెప్పారు. ఇందులో రూపాయి తప్పేమీ లేదు. అమ్మకందారు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: వచ్చిన డబ్బును నేనేం చేసుకోవాలి? డాలరు వస్తే దాంతో ఏ దేశంలోనైనా ఏదైనా కొనవచ్చు. కొనడానికేమీ లేకపోతే అమెరికా ప్రభుత్వ అప్పు పత్రాలైన ట్రెజరీ బాండ్లలో పెట్టి, కావలసిన రోజున నిమిషాల్లో అమ్ముకోవచ్చు. అంత లోతైన బాండ్ల సంత మరెక్కడా లేదు.

ఈ ప్రశ్నకు చైనా దగ్గరా సగం జవాబే ఉంది. 2015లో సిప్స్ పేరుతో సొంత చెల్లింపుల వ్యవస్థను తెచ్చింది. తన సరిహద్దులు దాటే లావాదేవీల్లో దాదాపు సగాన్ని యువాన్‌లోకి మార్చుకుంది. ఇది చిన్న విజయమేమీ కాదు, అమెరికా ఆంక్షలు రేపు తన మీద పడినా వాణిజ్యం ఆగకుండా చూసుకునే బీమా. అయితే యువాన్‌ను లోకమంతా దాచుకోవాలంటే మూలధనం స్వేచ్ఛగా వచ్చిపోయేలా తలుపులు తెరవాలి. పెట్టుబడుల మీద, బ్యాంకుల మీద పట్టు వదులుకోవడం బీజింగ్‌కు ఇష్టం లేదు. బ్రిక్స్ ఉమ్మడి కరెన్సీ విషయానికొస్తే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. 2024 నవంబరులో ట్రంప్ నూరు శాతం సుంకాల బెదిరింపు చేసిన కొద్ది రోజులకే, డాలరును పక్కకు నెట్టే ఆలోచన భారత్‌కు ఎన్నడూ లేదని విదేశాంగ మంత్రి జైశంకర్ చెప్పారు.

బయటి పోటీదారులు ఇంత బలహీనంగా ఉన్నప్పుడు డాలరుకు ముప్పు ఎక్కడిది? నా దృష్టిలో అది 2025 ఏప్రిల్‌లో బయటపడింది. మామూలుగా ప్రపంచంలో ఎక్కడ భయం పుట్టినా పెట్టుబడులు అమెరికా బాండ్ల గూటికి చేరతాయి. 2008లో సంక్షోభం అమెరికాలోనే పుట్టినా, జనం పరుగెత్తింది అమెరికా బాండ్లలోకే. ఏప్రిల్ 2న ట్రంప్ సుంకాలు ప్రకటించాక మాత్రం అమెరికా షేర్లు, బాండ్లు, డాలరు మూడూ కలిసి పడిపోయాయి. తుపానుకు తలదాచుకునే ఇంటికే పెచ్చులూడటం వంటిది ఇది. ఆ తర్వాతి నెలలో రేటింగు సంస్థ మూడీస్ కూడా అమెరికా రుణ రేటింగును తగ్గించింది. ఎస్ అండ్ పీ 2011లో, ఫిచ్ 2023లో ముందే తగ్గించాయి. అమెరికా ప్రభుత్వ రుణం 2025 అక్టోబరులో 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది. వడ్డీల భారం రక్షణ వ్యయాన్ని మించిపోయింది. వీటికి తోడు అమెరికా కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వు గవర్నర్లలో ఒకరిని తొలగించడానికి అధ్యక్షుడే పూనుకున్నాడు. భోషాణం కాపలాదారును యజమానే భయపెడుతుంటే అందులో సొమ్ము దాచుకున్నవారికి నిద్ర ఎలా పడుతుంది?

ఇందులో పాత వైరుధ్యం కూడా ఉంది. లోకానికి డాలర్లు అందాలంటే అమెరికా అమ్మేదానికన్నా ఎక్కువ కొంటూ ఉండాలి, అప్పు పత్రాలు రాసిస్తూ ఉండాలి. అలా చేస్తూ పోతే ఏదో ఒకరోజు ఆ పత్రాల మీద నమ్మకం సడలుతుంది. రాబర్ట్ ట్రిఫిన్ అనే ఆర్థికవేత్త 1960లోనే హెచ్చరించిన మెలిక ఇది. వాణిజ్య లోటు ఉండకూడదు, డాలరు పెత్తనం మాత్రం పోకూడదు అని ట్రంప్ ప్రభుత్వం కోరుకోవడం అవ్వా కావాలి బువ్వా కావాలి అనడమే.

వాషింగ్టన్ ఈలోగా బాటను మరింత వెడల్పు చేస్తోంది. 2025 జులైలో వచ్చిన జీనియస్ చట్టం డాలరుతో విలువ ముడిపడిన డిజిటల్ నాణేలైన స్టేబుల్‌కాయిన్లకు చట్టబద్ధత ఇచ్చింది. వాటిని జారీచేసే కంపెనీలు నగదు, స్వల్పకాలిక ట్రెజరీ బాండ్ల వంటి ఆస్తులు పెట్టుకోవాలి. అంటే సొంత కరెన్సీ మీద నమ్మకం పోయిన దేశాల్లో ఫోనులో స్టేబుల్‌కాయిన్లు దాచుకునే సామాన్యుడు, తనకు తెలియకుండానే అమెరికా ప్రభుత్వానికి అప్పిస్తున్నాడు. కేంద్ర బ్యాంకులు వదులుకుంటున్న డాలరును జనం జేబుల్లోకి ఎక్కించే ప్రయత్నం ఇది. ఆ దేశాల కేంద్ర బ్యాంకులు ఎంత భయపడినా తక్కువే.

మూడోది, నా మనసును ఎక్కువగా కలచివేసేది, ఆ డాలరు అప్పుల తాడు. 2022 మార్చి నుంచి 2023 జులై మధ్య ఫెడరల్ రిజర్వు (ఫెడ్) తన దేశంలో ధరలు అదుపు చేయడానికి వడ్డీ రేటును సున్నా దగ్గర నుంచి 5.25–5.5 శాతానికి పెంచింది. ఆ నిర్ణయంలో కొలంబోకు గాని, ఘనా రాజధాని అక్రాకు గాని ఓటు లేదు, డాలర్లలో అప్పు మాత్రం ఉంది. శ్రీలంక పాలకుల తప్పిదాలు తక్కువేమీ కావు. కానీ 2022 మేలో పెట్రోలు ఓడ తీరంలో లంగరు వేసి, డాలర్లు చేతికందితే గాని సరుకు దించనని నిలబడితే, బంకుల దగ్గర రోజుల తరబడి వరుసల్లో నిలబడినవారు ఆ తప్పిదాలు చేసినవారు కారు. ఆ ఏడాది డిసెంబరులో ఘనా కూడా విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది.

ఆపదలో తాడు ఎవరికి అందుతుందన్నదే ఇకపై అసలు రాజకీయం. 2020 మార్చిలో కరోనా భయంతో డాలర్లకు కటకట ఏర్పడినప్పుడు ఫెడ్ 14 కేంద్ర బ్యాంకులకు తమ కరెన్సీ ఇచ్చి తాత్కాలికంగా డాలర్లు తీసుకునే మార్పిడి సదుపాయం కల్పించింది. వాటిలో ఆఫ్రికా దేశం ఒక్కటీ లేదు, దక్షిణాసియా దేశమూ లేదు. చైనా తన యువాన్ మార్పిడి ఒప్పందాలను పదుల దేశాలకు విస్తరించింది ఈ ఖాళీలోకే. 2023లో అర్జెంటీనా ఐఎంఎఫ్ బాకీలో కొంత భాగాన్ని యువాన్లలో కట్టింది. 2025 అక్టోబరులో అదే అర్జెంటీనాకు అమెరికా ఖజానా శాఖ 2 వేల కోట్ల డాలర్ల మార్పిడి సదుపాయం ఇచ్చింది, అదీ అక్కడి ఎన్నికల ముంగిట. అధ్యక్షుడు మిలే పక్షం ఓడిపోతే తమ ఔదార్యం ఉండదని ట్రంప్ ముందే చెప్పాడు. సూయజ్‌లో మిత్రదేశాన్ని వెనక్కి లాగిన తాడుతోనే ఇక్కడ మిత్రుణ్ని పైకి లాగారు.

1944లో యుద్ధానంతర ద్రవ్య వ్యవస్థను తీర్చిదిద్దిన బ్రెటన్‌వుడ్స్ సదస్సుకు ముందు, ఏ ఒక్క దేశానికీ చెందని లెక్కల నాణెం కావాలని బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ వాదించాడు, ఓడిపోయాడు. దానికి దూరపు బంధువు అనదగిన ఎస్‌డీఆర్ (సభ్యదేశాలకు నిల్వగా కేటాయించే లెక్కల ఆస్తి) ఐఎంఎఫ్ చేతిలో ఉంది. 2021 ఆగస్టులో 65 వేల కోట్ల డాలర్ల విలువైన ఎస్‌డీఆర్‌లు పంచితే, కోటాల (ఐఎంఎఫ్‌లో ఒక్కో దేశానికి ఉన్న వాటాల) ప్రకారం పంపకం కాబట్టి అవసరం లేని సంపన్న దేశాలకే సింహభాగం చేరింది. మార్చవలసింది ఆ కోటాలనే. కీలక నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదాని చేతిలోనే 16 శాతానికి పైగా ఉన్నాయి, అంటే అది ఒప్పుకోకపోతే ఏదీ కదలదు. 2023 డిసెంబరులో కోటాల సమీక్ష ముగిసింది. మొత్తం కోటాలను సగం మేర పెంచడానికి సభ్యదేశాలు ఒప్పుకున్నాయి. ఏ దేశం వాటా ఎంత ఉండేదో అంతే ఉంచాయి.