సవరణ: చెమ్మ గోడకు ముందు పెయింట్ కాదు

సత్యనారాయణపురంలోని మా పాత ఇల్లు అమ్మకానికి సిద్ధం చేస్తూ పోయిన నెల రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

చెమ్మ మరకలున్న గోడకు పుట్టీ పెట్టి రెండు కోటింగులు పెయింట్ వేస్తే చాలన్నాను. చాలదు. హాల్లో బాత్రూమ్ వైపు గోడకు అలాగే వేయించాను. రెండు వారాలు తిరక్కుండానే అడుగున జానెడు మేర పెయింట్ బుడగల్లా ఉబ్బింది. వేలితో నొక్కితే అప్పడంలా విరిగి, వెనక నుంచి తెల్లటి ఉప్పు పొడి రాలింది. లోపలి తడి బయటికొస్తూ గోడలోని లవణాలను వెంట తెస్తుంది, అవే పైపొరను తోసేస్తాయి. ఖరీదైన పెయింటైనా అంతే. ముందు లీకేజీ ఆపాలి. మా ఇంట్లో అది టైల్స్ సందుల్లోంచి వస్తోంది. పాడైన ప్లాస్టరింగ్ గీకేసి, గోడ బాగా ఆరాకే పుట్టీ. వానాకాలంలో తొందరపడకండి.

ఇల్లు చూడ్డానికొచ్చిన ఒకాయన నేరుగా ఆ గోడ దగ్గరికే వెళ్లి, "ఈ ఒక్క గోడకే కొత్త రంగేమిటండీ?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

రెండోది, ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (సొమ్ము చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) అమ్మేవాళ్లు విడిగా కట్టాలని రాశాను. కాదు, కొనేవాళ్లే మనకిచ్చే సొమ్ములో పట్టుకుని మన పాన్ మీద జమ చేస్తారు. ఆదాయపు పన్ను రిటర్న్ వేసేటప్పుడు అది మన పన్నులో సర్దుబాటవుతుంది. అమ్మేవాళ్లు ఎన్నారైలైతే ఈ 50 లక్షలు, 1 శాతం లెక్క వర్తించదు.