స్కానింగ్‌కు దొరకని కడుపు నొప్పి

గర్భసంచి ఆపరేషన్ అయి ఏడాది దాటింది. కుట్లు ఎప్పుడో మానాయి. కానీ కుట్టు కుడి చివర, వేలెడంత చోట, మంట. దగ్గితే సూది గుచ్చినట్టు ఉంటుంది. మంచం మీద నుంచి లేస్తుంటే గజ్జల్లోకి, తొడ లోపలి వైపుకి కరెంటు పాకినట్టు ఉంటుంది. స్కానింగ్ మాత్రం నార్మల్. ఒకరు గ్యాస్ అంటారు, ఇంకొకరు పేగులు అతుక్కున్నాయంటారు, చివరికి ‘టెన్షన్ తగ్గించుకోమ్మా’ అని పంపేస్తారు. ఇలాంటి ఆడవాళ్లు మనలో చాలామందికి తెలుసు.

ఈ నొప్పి చాలాసార్లు కడుపు లోపలిది కాదు, పైన చర్మం, కండరాలతో ఉండే పొట్ట గోడది. సిజేరియన్‌కూ, గర్భసంచి తీయడానికీ పొత్తికడుపు మీద పెట్టే అడ్డకోత పక్కలకు సాగితే పొట్ట గోడలోంచి గజ్జల వైపు వెళ్లే ఇలియోఇంగ్వైనల్, ఇలియోహైపోగ్యాస్ట్రిక్ నరాలు తగులుతాయి. నరం తెగొచ్చు, కుట్టులో పడొచ్చు, మానిన మచ్చలో ఇరుక్కోవచ్చు. లాప్రోస్కోపీకి పక్కన పెట్టే చిన్న రంధ్రాల దగ్గరా ఇదే ముప్పు. మామూలు స్కానింగ్‌కు ఇంత సన్నని నరం చిక్కడం కష్టం.

వేలికి మాత్రం చిక్కుతుంది. కార్నెట్ అనే అమెరికన్ సర్జన్ 1926లోనే దారి చూపించాడు. పడుకోబెట్టి, నొప్పి ఉన్న చోట వేలితో నొక్కి ఉంచి, తల, భుజాలు పైకెత్తమనాలి. పొట్ట కండరం బిగుసుకున్నాక నొప్పి తగ్గితే లోపలేదో ఉన్నట్టు. తగ్గకపోయినా, పెరిగినా గోడనే అనుమానించాలి. అంతమాత్రాన నరమేనని తేల్చేయకూడదు. కుట్టు దగ్గర హెర్నియా అయినా, నెలసరికి ఉబ్బి నొప్పెట్టే ఎండోమెట్రియోసిస్ గడ్డ అయినా ఇలాగే పట్టుబడతాయి. జ్వరం, వాంతులు ఉంటే అది వేరే దారి.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5) ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. అప్పటి దేశం సగటు 21.5. ఇన్ని పొట్టలు కోసేచోట, ఖర్చు లేని ఈ అర నిమిషం పరీక్ష చేయకుండానే సీటీ స్కాన్‌కు రాసివ్వడం నాకు మింగుడుపడదు. అతుకులు విడదీస్తామని మళ్లీ కోయడం ఇంకా అన్యాయం.

వైద్యం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. నొప్పి చోట లిడోకైన్ అనే మొద్దుబార్చే మందు ఇంజెక్షన్ ఇచ్చి, పది నిమిషాలాగి మంచం మీద నుంచి లేవమంటారు. నొప్పి బాగా తగ్గిందంటే రోగం ఏదో చాలావరకు తేలినట్టే, మందూ పడినట్టే. కొందరికి మళ్లీ మళ్లీ ఇవ్వాలి. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ లాంటి నరాల మాత్రలూ వాడతారు. ఏదీ నిలవకపోతే ఆ నరాన్నే కోసి తీసేస్తారు. అప్పుడు ఆ చోట చర్మం మొద్దుబారుతుంది, ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.